క్రియ వచ్చేదాకా

సరిగ్గా పొయ్యి మీద పాలు పొంగుకొచ్చే సమయానికే మహారాణికి ఏదో ఒకటి చెప్పాలనిపించేది. "అమ్మా" అని ఆమె మొదలుపెట్టగానే పాలు గిన్నె అంచు దగ్గర ఆగిపోయేవి. కుళాయి నుంచి జారబోయిన చుక్క జారకుండా వేలాడేది. ముందుగదిలో నాన్న తొక్కుతున్న కుట్టుమిషన్ చక్రం నిలిచిపోయేది. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చునేవాడు. గోడగడియారం సంగతి సరేసరి. మాట పూర్తయ్యాక మళ్లీ వేటి పనిలో అవి పడేవి.

"మీ అక్క కాపురానికి వెళ్లాక ఈ ఇంట్లో పాలు పొంగిపోయిందే లేదు," అనేది అమ్మ.

వస్తువులు ఆగేవిగానీ మనుషులు ఆగాలని లేదు కదా. ఎవరైనా మధ్యలో దూరి ఆమె మాట తాము పూర్తిచేస్తే చాలు, ఆగినవన్నీ ఒక్క కుదుపుతో కదిలేవి. ఆ పని అందరికంటే ఎక్కువ చేసింది అక్కే. ప్రేమ లేక కాదు, ఓపిక లేక. "మంచి..." అనగానే గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చేది. మంచి పుస్తకం ఒకటి దొరికిందని చెప్పబోయి మహారాణి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగిందో!

అన్నీ ఆమె కోసం ఆగుతాయి కాబట్టి మహారాణి అని పేరు పెట్టింది నాన్న. పుట్టినప్పుడు ఆమె ఏడవలేదు, కాసేపు ఊపిరి అందలేదు. సెరిబ్రల్ పాల్సీ అన్నాడు డాక్టరు. "మెదడులో ఒంటిని కదిలించే చోట దెబ్బ తగిలిందమ్మా. ముదిరిపోయేదీ కాదు, మాయమైపోయేదీ కాదు. దీంతోనే పెరుగుతుంది," అన్నాడు. అలాగే పెరిగింది. కాళ్లు బిగుసుకుని కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి వచ్చేవి. తలుపు దబ్బున పడితే ఒళ్లంతా ఉలిక్కిపడేది. ఎంత తొందరగా చేద్దామనుకుంటే అంత బిగుసుకుపోయేది. నోటిదీ అదే తంతు. మాట లోపల ఎప్పుడో సిద్ధమయ్యేది. నాలుక, పెదవులు, ఊపిరి కలిసి రావాలి కదా, ఒకటి వస్తే ఇంకొకటి మొరాయించేది.

బుర్రకి మాత్రం ఏ బిగుతూ లేదు. ఎడమచేతి చూపుడువేలొక్కటే చెప్పినమాట వినేది. దాంతోనే కంప్యూటర్ మీద ప్రెస్సువాళ్ల పుస్తకాలకి ప్రూఫులు దిద్దేది. అచ్చుతప్పు ఆమె కళ్లుగప్పి పోవడమన్నది జరగలేదు.

అక్కకి నెలలు నిండుతున్నాయి. బావ ఉద్యోగం పనిమీద వేరే ఊళ్లో ఉండిపోవడంతో నాలుగు రోజులు ఉండిపోదామని పుట్టింటికి వచ్చింది. ఆ సమయంలోనే ప్రెస్సు యజమాని ఇంటికొచ్చాడు.

"ఇక మీరు ఆఫీసుకే వచ్చేయండి. ప్రూఫుల విభాగం మొత్తం మీరే చూసుకోవాలి," అన్నాడాయన.

మహారాణి మొహం వెలిగిపోయింది. ఆ సంబరానికి ఒళ్లు ఇంకాస్త బిగుసుకుంది. "నాకు... మెట్లు..."

"మెట్లెక్కలేదండీ పాపం," అంది అక్క. "ఎప్పట్లా ఇంటికే పంపించండి."

"అయ్యో, నాకు తోచనేలేదు," అని నొచ్చుకుంటూ ఆయన లేచి వెళ్లిపోయాడు.

పట్టుకోడానికి కమ్మీ ఉంటే మెట్లు ఎక్కేస్తానని ఆమె చెప్పబోయింది.

"నీ కష్టం నాకు తెలీదా ఏంటే?" అంది అక్క, చెల్లెలి మొహం చూసి.

"నీకు... నా మొదటి... మాటే... తెలుసు," అంది మహారాణి. అక్కాచెల్లెళ్ల మధ్య ఆ రోజంతా మాటల్లేవు.

మర్నాడు మధ్యాహ్నం కుంభవృష్టి. అనుకున్నదానికంటే ముందే అక్కకి నొప్పులు మొదలయ్యాయి. వీధిలో నడుములోతు నీళ్లు, అంబులెన్సు మలుపు దగ్గరే నిలిచిపోయింది. వెనకింట్లో ఉండే, కాన్పులు చేసే నర్సమ్మ సంచీ నెత్తిన పెట్టుకుని తడుస్తూ వచ్చింది. మహారాణి వాకర్ పట్టుకుని మంచం పక్కన నిలబడింది. పంతం సంగతి మరిచిపోయి అక్క ఆమె మణికట్టు పట్టుకుంది.

పాప పుట్టింది. నీలంగా, తడిగుడ్డలా మెత్తగా ఉంది. ఏడవలేదు. నర్సమ్మ ఒళ్లు తుడిచింది, వీపు రుద్దింది, నోరు శుభ్రం చేసింది. అయినా ఏడవలేదు.

అమ్మ గడియారం వంక చూసింది. మహారాణి పుట్టిన రోజునా ఇలాగే చూసింది. ఆనాడు ఆ ముల్లు ఎవరికోసమూ ఆగలేదు.

మహారాణి నోరు తెరిచింది. "మా..."

కిటికీ అవతల ఎక్కడి చినుకు అక్కడే నిలబడిపోయింది. గడియారం ఆగింది. పాప ఒంటి మీద నీలం ఇంకొంచెం ముదరకుండా ఉన్నచోటే ఉండిపోయింది. నర్సమ్మ తలెత్తలేదు.

"కానివ్వు మహారాణీ, ఆపకు," అంటూ సంచీలోంచి రబ్బరు బుడ్డి తగిలించిన చిన్న ముసుగు తీసి పాప మొహానికి ఆనించి గాలి కొట్టడం మొదలుపెట్టింది.

ప్రూఫులు దిద్దే మనిషికి వాక్యం ఎక్కడ ముగుస్తుందో వేరే చెప్పాలా? క్రియ పడిందంటే అయిపోయినట్టే. మహారాణి క్రియని లోపలే అట్టిపెట్టుకుని మిగతావన్నీ ఒక్కొక్కటిగా బయటికి తెచ్చింది.

"మా నాన్న... కుట్టే... గౌన్లు... తొడుక్కోడానికి... మా అమ్మ చేత... తిట్లు... తినడానికి..."

గడ్డం మీదికి కారిన చొంగని అమ్మ చెంగుతో తుడిచింది.

"నా వాకర్... తగిలి పడి... లేవడానికి..."

ఆ వాక్యం చివర ఏముందో అక్కకి తెలిసిపోయింది. నోటిదాకా వచ్చింది కూడా. దిండు అంచు నోట్లో కుక్కుకుని పళ్లు బిగించింది. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నా చప్పుడు చెయ్యలేదు.

"గుండె పుంజుకుంటోంది. ఇంకొంచెం," అంది నర్సమ్మ.

మహారాణికి ఊపిరి చాల్లేదు. ఆగింది. ఆ ఆగిన కాసేపూ ఎవరూ ఆమె మాట అందుకోలేదు, బయట వాన కూడా వేలాడుతూనే ఉంది. మళ్లీ గాలి పీల్చుకుంది.

"నడిచినా... పాకినా... గబగబా మాట్లాడినా... నాలా... నెమ్మదిగా... మాట్లాడినా సరే... మా... దగ్గరికి..."

పాప ఛాతీ తనంతట తాను లేచింది. దిగింది. మళ్లీ లేచింది.

నర్సమ్మ ముసుగు పక్కన పెట్టింది. "ఇక చాలు తల్లీ, చెప్పెయ్."

"రా," అంది మహారాణి.

ఆగిన వానంతా ఒక్కసారిగా దభీమని నేలమీద పడింది. గడియారం కదిలింది. ముందుగదిలో కుట్టుమిషన్ గిర్రున తిరిగింది. నిద్ర చెడగొట్టినందుకు కోపమొచ్చినట్టు పాప కెవ్వుమంది. అమ్మ నేలమీద కూలబడి కొంగులో మొహం దాచుకుంది.

వీధిలో నీళ్లు తీశాక ఆస్పత్రికి తీసుకెళ్లారు. అంతా బాగానే ఉంది, ఎదుగుదల మాత్రం గమనిస్తూ ఉండండి అన్నాడు డాక్టరు.

ఇంటికి తిరిగొచ్చిన రోజే అక్క ఫోన్ తీసి ప్రెస్సుకి కలిపింది. "మొన్న నేను తప్పు చెప్పానండీ. మా చెల్లెలు మీతో మాట్లాడుతుంది," అని ఫోన్ చెల్లెలి చెవి దగ్గర పెట్టి, పాపని భుజాన వేసుకుని, పెదవులు బిగించి కూర్చుంది.

"నాకు..." అని మొదలుపెట్టింది మహారాణి.

ఊరి ఆ చివర, అచ్చుయంత్రాలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. యజమాని ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.