బేరం తెగకముందే

సేల్స్‌మన్ మళ్లీ ఆమె మరిది వైపే తిరిగి మాట్లాడుతున్నాడు. లారీ కొనేది ఆమె, డబ్బు ఆమెది, రేపు స్టీరింగ్ పట్టేదీ ఆమే. అయినా ఆ మనిషి కంటికి మీసమున్న మొహం తప్ప మరొకటి ఆనడం లేదు. ఇంజను సంగతులన్నీ సార్‌కు చెబుతాడు, మేడమ్‌కు మాత్రం సీటు కవర్ల రంగులు చూపిస్తాడు.

భర్త పోయినప్పటినుంచి ఆయన లారీని ఆమే తోలుతోంది. ఆడది లారీ నడపడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లే, తర్వాత సరుకు పంపడానికి ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడా బండి పనైపోయింది. కాస్త ఎత్తు ఎక్కాలన్నా మొరాయిస్తోంది. దాన్ని అమ్మితే వచ్చిందీ, కడుపు కట్టుకుని దాచిందీ కలిపినా, యార్డులో నిలబడిన ఈ నిరుటి మోడల్ లారీ ధరకు పదో వంతు తక్కువ పడింది. ఆ పదో వంతు తాను వేస్తానని మరిది ముందుకొచ్చాడు. ఎంత మంచివాడో! బండి మాత్రం తన పేరున ఉండాలట. అంటే ధర తగ్గితే ఆమె యజమాని, తగ్గకపోతే మరిది దగ్గర డ్రైవరు. తొమ్మిది వంతులు తానే పెట్టి జీతానికి కుదరడమన్నమాట.

అందుకే ఆమె పట్టిన పట్టు విడవలేదు. కొత్త మోడల్ వచ్చి పక్కనే నిలబడ్డాక నిరుటిదాన్ని పూర్తి ధరకు ఎవరు కొంటారని అడిగింది. సేల్స్‌మన్ టార్పాలిన్ ఉచితమన్నాడు. వద్దంది. స్పానర్ల పెట్టె కూడా ఇస్తానన్నాడు. అదీ వద్దంది. చల్లటి నీళ్లు తెప్పించాడు. అవి తాగి, మళ్లీ పదో వంతు తగ్గించమనే అంది. పక్కన మరిది మాత్రం సేల్స్‌మన్ చెప్పే ప్రతి అంకెకూ తలూపుతున్నాడు. ఆ తల ఊగినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండుతోంది.

చివరికి మరిది ఉండబట్టలేక, సరే కానివ్వండి, మీరన్న ధరకే తీసుకుంటామనేశాడు.

అదే పదివేలనుకుని సేల్స్‌మన్ లేచాడు. అమ్మకం జరిగినప్పుడల్లా గుమ్మం పక్కనున్న ఇత్తడి గంట కొట్టడం ఆ షోరూమ్ పద్ధతి. గంట మోగితే మెకానిక్కులతో సహా అందరూ వచ్చి చప్పట్లు కొడతారు. ఆ సందడిలో కాస్త అటూ ఇటూగా ఉన్నవాళ్లు కూడా కాదనడానికి మొహం చెల్లక సంతకం పెట్టేస్తారు. ఆమె ఔననకుండానే అతను ఠంగుమని కొట్టాడు. జనం చేరారు. మేనేజరు గాజు గదిలోంచి నవ్వుకుంటూ వచ్చి మరిదికి చెయ్యి చాపాడు.

ఆమె వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడింది. పదిమందిలో గొంతెత్తడం ఆమెకూ కొత్తే, కానీ కోపం ముందు బెరుకు నిలవలేదు. పదో వంతు తగ్గించి ఇచ్చినందుకు చాలా సంతోషమని, మేనేజరుకే కాదు, ఆ హాల్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా చెప్పింది.

సేల్స్‌మన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ధర అది కాదని గొణిగాడు.

"మరి బేరం తెగకముందే గంటెందుకు కొట్టావు బాబూ? కొనేది నేను. నేనొప్పుకున్న ధర అదొక్కటే."

మేనేజరు లోపల కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. ఇక్కడే బాగుందని ఆమె కదల్లేదు. సోఫాలో తన వంతు కోసం కూర్చున్న నాలుగు లారీల ఆసామి ఒకాయన లేచి, నాకూ ఇలాగే గంట కొట్టేస్తారా అంటూ తలుపు వైపు నడవబోయాడు. మేనేజరుకు గొంతులో పచ్చి వెలక్కాయ పడినట్టయింది. నిరుటి మోడల్ కాబట్టి ఆ ఒక్క బండికే తగ్గిస్తున్నామని అందరి ముందూ చెప్పి, ఈసారి చెయ్యి ఆమె వైపు చాపాడు.

కాగితాలు ఎవరి పేరున రాయాలంటే ఆమె తన పేరు చెప్పింది. మరిది ఆమెను పక్కకు పిలిచాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నలుగురిలో నా పరువు తీశావు వదినా. రేపు ఆ బండికేదైనా కష్టమొస్తే నన్ను మాత్రం పిలవకు."

"పిలవను మరిదీ. కష్టమొచ్చినా నేనే పడతాను. బండి నాది కదా."

అతనేమంటాడోనని ఆగకుండా, ఆమె సంతకాలు పెట్టడానికి వెళ్లింది.