సముద్రం వైపు కిటికీ

పచ్చిపులుసులోకి ఉల్లిగడ్డ కోస్తుంటే సతీశ్ వచ్చి ఫోను వంటగట్టు మీద, సరిగ్గా తడి ఉన్న చోట పెట్టి, "నీకు ఇంగ్లీషు వస్తది గదా, జర చూసి ఒక ఊరు తియ్యి. సముద్రం పక్కకుండాలె. లొల్లి ఉండొద్దు, నిమ్మళంగ ఉండాలె," అన్నాడు. ఏ ఊరు, ఎందుకు అని కరుణ అడిగేలోపే టీవీ ముందుకు వెళ్లిపోయి అక్కడి నుంచి అరిచాడు. "ఇటలీ పోతున్నం మనం!"

మనం అన్న మాట దగ్గర కత్తి ఆగింది. ఆ ఇంట్లో మనం అంటే మామూలుగా కరుణ తప్ప మిగిలినవాళ్లు. మనం పెళ్లికి పోతున్నం అంటే అతనూ, అత్త నర్సింగమ్మా. మనం ప్లాటు తీసుకుంటున్నం అంటే అతనూ, అతని తమ్ముడూ. ఆమె పేరు అవసరమైనప్పుడు మాత్రం ఆమె పేరే. అందుకే ఉల్లిగడ్డ మంటకు కారుతున్న కళ్లు కొంగుతో తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, "నేను గూడనా?" అని అడిగింది. "మరి? ఆలుమగలకిచ్చిండ్రు టికెట్లు. పోయినసారి లెక్క కాదు," అన్నాడు సతీశ్, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

నల్లగొండలో వాళ్లది విత్తనాలు, పురుగుమందుల దుకాణం. లైసెన్సు కరుణ పేరు మీద ఉంటుంది. ఎందుకంటే మందులు అమ్మేవాళ్లకు చదువు ఉండాలని రూలు వచ్చినప్పుడు, ఆ ఇంట్లో కెమిస్ట్రీతో డిగ్రీ చేసింది ఆమె ఒక్కతే. అప్పటిదాకా "సదివి ఏం ఉద్ధరించినవే" అని దెప్పిన నర్సింగమ్మే పాత చీరల అడుగునుంచి ఆ డిగ్రీ కాయితం తీయించి, కొంగుతో తుడిచి కొడుకు చేతికిచ్చింది. లైసెన్సు ఫ్రేములో ఎక్కి గల్లాపెట్టె వెనక గోడకు వేలాడింది. కరుణ పొద్దున వంట ముగించి దుకాణంలో కూర్చుంటుంది, మధ్యాహ్నం ఇంటికొచ్చి అందరికీ పెట్టి మళ్లీ వెళ్తుంది, సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి ముట్టిస్తుంది. సతీశ్ ఊళ్లు తిరిగి పరిచయాలు పెంచుతాడు. ఊరు దాన్ని సతీశన్న దుకాణం అంటుంది. ఆమె కూడా అలాగే అంటుంది, అదే చిత్రం.

సరుకు బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్లు విదేశాలకు తిప్పుతుంటారు. పోయినసారి మగవాళ్లు మాత్రమే బ్యాంకాక్ వెళ్లారు. ఈసారి ఈ చుట్టుపక్కల నుంచి మూడు జంటలు. రోమ్ చూపించాక వారం రోజులు సముద్రం ఒడ్డున ఒకే ఇంట్లో విశ్రాంతి. ఊరూ ఇల్లూ మీరే ఎంచుకోండని కొన్ని ఫొటోలు పంపారు. ముగ్గురిలో ఎక్కువ అమ్మింది ఈ దుకాణమే కాబట్టి ఎంపిక వీళ్లది. రోహిణి కార్తె లోపల తిరిగొచ్చేయాలి, తర్వాత పత్తి గింజల కోసం రైతులు బారులు తీరుతారు.

విశ్రాంతి అన్న మాట చదివి కరుణ చాలాసేపు ఫోను పక్కన పెట్టలేకపోయింది. రెండేళ్ల కింద గర్భసంచి తీసేసినప్పుడు దవాఖానలో డాక్టరమ్మ ఆ మాటే చెప్పింది. బరువులెత్తొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు, రెండు నెలలు పూర్తిగా విశ్రాంతి. సతీశ్ బుద్ధిగా తలూపి విన్నాడు. ఆటోలో వస్తూ తల్లికి ఫోన్లో, "ఏం లేదే అమ్మా, ఇంటి పట్టున ఉండుమన్నది. ఇంట్లనే ఉంటది గదా," అన్నాడు. కుట్లు ఆరకముందే, సాయానికొచ్చిన ఆడబిడ్డ అత్తగారింటికి పోయింది, నర్సింగమ్మకు చేతులు రావు. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మనిషి, వేళ్లు ఎప్పుడో వంకర్లు పోయాయి. "నా చేతులు మంచిగుంటే నిన్ను లేవనిద్దునా బిడ్డా," అని ఆమె మంచంలోంచి అంటుంటే కరుణ గోడ పట్టుకుని లేచి బియ్యం కడిగింది. ఆ రోజు నుంచి నడుములో ఏదో ఒకటి గుంజుతూనే ఉంది. ఎవరికీ చెప్పదు. చెబితే ఏమంటారో ఆమెకు మాటతో సహా తెలుసు.

కాబట్టి ఆమె ఊరు వెతకడం మొదలుపెట్టింది. దుకాణంలో గిరాకీ లేనప్పుడు, అన్నం ఉడుకుతున్నప్పుడు, బాత్రూమ్ తలుపేసుకుని కూడా. పేరున్న ఊళ్లన్నీ జనంతో కిటకిటలాడుతున్నాయి, వాటిని పక్కన పెట్టింది. ఒక ఊరి దగ్గర ఆగిపోయింది. కమోలీ. సముద్రానికి ఆనుకుని పసుపు, గులాబీ రంగుల పొడుగాటి ఇళ్లు. గోడల నిండా కిటికీలు. చదివితే తెలిసింది, వాటిలో చాలా కిటికీలు నిజమైనవి కావట, రంగులతో వేసిన బొమ్మలట. రెక్కలు, గడియలు, నీడలు అన్నీ ఉంటాయి, తెరుచుకోవు. గల్లాపెట్టె వెనక ఫ్రేములో ఉన్న తన పేరు గుర్తొచ్చి కరుణకు నవ్వొచ్చింది.

అక్కడ ఒక ముసలమ్మ నడిపే పాత ఇల్లు ఉంది. మేడ మీద మూడు గదులు, మూడింటికీ సముద్రం వైపు నిజంగా తెరుచుకునే కిటికీలు. పొద్దున టిఫిను ఆమే పెడుతుంది. వంట చేసుకోవడానికి లేదు, బయట తినాల్సిందే. ఇంటి ముందు రాతి బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చున్న ఫొటో ఒకటి పెట్టారు. యాభై దాటినవాళ్లు. కరుణ ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. వాళ్ల ఒళ్లో చిక్కుడుకాయలు లేవు, చాట లేదు, కుట్టుపని లేదు, మనవడు లేడు. చేతులు ఊరికే ఉన్నాయి. అంత ఊరికే ఉన్న చేతులను ఆమె ఎన్నడూ చూడలేదు, పీనుగకు తప్ప.

ఆమె చూసిన పెద్ద నీళ్లంటే పానగల్ చెరువు, తర్వాత నాగార్జునసాగర్. సాగర్‌కు పెళ్లయిన కొత్తలో ఇంటిల్లిపాదీ వెళ్లారు. మూడు రాళ్లు పెట్టి కోడికూర వండింది, పుట్ల కొద్దీ అన్నం వండినట్టనిపించింది, తిన్నవాళ్లు లాంచీ ఎక్కి వెళ్లారు. గిన్నెలు కడగడానికి వంగినప్పుడు నీళ్లు కనిపించాయి. సాగర్ ఎట్లుంది అని అమ్మ అడిగితే మంచిగుందనే చెప్పింది.

ఆదివారం, వీళ్లతోపాటు ఇటలీ వస్తున్న ఆలేరు డీలరు ఎల్లేష్, భార్య నిరోషతో వచ్చాడు. నిరోష పెళ్లయి నాలుగేళ్లు కాలేదు, ఇంకా గాజుల చప్పుడు ఎక్కువగా చేసే పిల్ల. జొన్నరొట్టె, నాటుకోడి పెట్టింది కరుణ. మూడో రొట్టె తుంచుతూ ఎల్లేష్ అన్నాడు. "బ్యాంకాక్‌ల సచ్చినం వదినె! ఏది నోట్లె పెట్టినా వాసనే. అన్నయితే పచ్చి కీరదోసకాయ తిని పండుకున్నడు. గప్పుడే అనుకున్నం, మల్లెప్పుడు పోయినా ఆడోళ్లను తీస్కపోవాలె అని. నువ్వుంటే ఇగ మాకు ఫికర్ లేదు."

సతీశ్ గట్టిగా నవ్వాడు. "కంపెనోనికి గదే చెప్పిన. భార్యలకు టికెట్లిస్తేనే వస్తమని. ఇల్లు మాత్రం వంటిల్లు పెద్దగున్నది సూడు కరుణా. ఆరుగురికి రెండు పూటలు వండాలె. మూడో ఆయన భార్య డాక్టరు, ఆమెతోని గాదు."

"గందుకా నన్ను తీస్కపోతున్నది?" అంది కరుణ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"మరి ఎందుకనుకున్నవ్?"

అతను కోపంగా అనలేదు. ఎగతాళికీ అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు, అదే ఆమెను కోసేసింది. తిట్టి ఉంటే పడి ఉండేది, అలవాటే. ఇన్ని రోజులు బాత్రూములో కూర్చుని తను చూసుకున్న సముద్రం గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఆశపడ్డందుకు సిగ్గు. హాల్లో నర్సింగమ్మ అప్పటికే ఎంత కారం పట్టించాలి, ఎంత చింతపండు కట్టాలి అని కొడుకుతో మాట్లాడుతోంది.

వంటింట్లోకి నిరోష వచ్చి అడగకుండానే గిన్నెల ముందు నిలబడింది. "నువ్వేం పరేషాన్ గాకు అక్కా. గాడ నువ్వు వండు, గిన్నెలన్నీ నేనే తోముతా. నీకు నడుం నొస్తది గదా," అంది. కరుణ ఉలిక్కిపడి చూసింది. నడుము సంగతి ఆ ఇంట్లో కనిపెట్టింది, రెండోసారి వచ్చిన ఈ పిల్ల. సబ్బు నురగలో ఆమె వేళ్ల సందులు పగిలి ఎర్రగా ఉన్నాయి. పెళ్లిలో అవే వేళ్లను పట్టుకుని ఎంత మెత్తగా ఉన్నాయే అన్నది తనే. ఆ పిల్ల సముద్రం గురించి ఏమీ అడగలేదు. గిన్నెలు పంచుకోవడమే మంచితనం అనుకుంటోంది, అంతకు మించి అడగొచ్చని దానికి ఎవరూ చెప్పలేదు. కరుణకు కూడా ఎవరూ చెప్పలేదు. దుఃఖం వచ్చింది. దానికంటే ముందు కోపం వచ్చింది.

మరునాడు దుకాణంలో ఉండగా కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. సతీశ్ సార్ వంటిల్లున్న ఇల్లు కావాలన్నారని, కొండ మీద ఒక పెద్ద ఇల్లు ఉందని, ఆరు బర్నర్ల పొయ్యి కూడా ఉందని చెప్పింది. "కానీ ఖాయం చేయాల్సింది డీలరే మేడమ్. మా దగ్గర డీలరుగా మీ పేరే ఉంది. సార్ మీకు తోడుగా వస్తున్నారు. ఏది ఖాయం చేయమంటారు?"

కరుణ వెనక్కి తిరిగి గోడ మీది ఫ్రేము చూసింది. పురుగుమందు డబ్బాల ఘాటు రోజూ ఉన్నట్టే ఉంది. "కమోలీ. ముసలమ్మ గదులు," అంది.

"అక్కడ వంట చేసుకోడానికి ఉండదు మేడమ్, తెలుసు కదా? ఒకసారి ఖాయం చేస్తే మార్చలేం."

"తెలుసు. ఖాయం చెయ్యి బిడ్డా."

ఇంట్లో చెప్పలేదు. ధైర్యం చాలలేదని ఒప్పుకోవాలి. ప్రయాణం దగ్గర పడ్డాక, నర్సింగమ్మ వంకర వేళ్లతో కారం, చింతపండు, జొన్నపిండి మూటలు ఒక్కొక్కటే ముడివేసి పెట్టె పక్కన పేర్చింది. అంత కష్టపడి వేసిన ఆ ముడులు చూసినప్పుడు మాత్రం కరుణకు ప్రాణం ఒప్పలేదు. అయినా వాటిని పెట్టెలో పెట్టలేదు.

"గవెందుకు బయటనే ఉన్నయ్?" అన్నాడు సతీశ్.

కరుణ పెనం మీద రొట్టె తిప్పుతోంది. "మనం ఉండేకాడ పొయ్యి లేదు."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "మార్పియ్యి."

"ఇగ మారదు. డీలరు ఖాయం చేసింది."

పెనం మీంచి రొట్టె లాగి గోడకేసి కొట్టాడు. అది కరుణ భుజం పక్కనుంచి పోయి కింద పడింది. "వండనప్పుడు నువ్వెందుకే? నీ టికెట్టు దండుగ!" ఆ మాట ఏదో ఒకరోజు బయటికొస్తుందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసినా గట్టు పట్టుకుంది.

"నా టికెట్టు డీలరుకొచ్చింది. డీలరు తోడుకు ఇచ్చింది నీ టికెట్టు. రానంటే జెప్పు, ఇప్పుడే ఫోన్ చేస్త," అని, పొయ్యి ఆర్పేసింది.

సతీశ్ చెయ్యి లేచి, గాలిలో కాసేపు ఉండి, దిగింది. రేపు అది దిగకపోవచ్చని ఇద్దరికీ తెలుసు. చెప్పులేసుకుని బయటికెళ్లాడు. గుమ్మంలో నిలబడి అంతా విన్న నర్సింగమ్మ మెల్లగా వంగి కింద పడ్డ రొట్టె తీసింది. కోడలిని తిడుతుందనే అనుకుంది కరుణ. ముసలామె రొట్టెను అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది.

"పొయ్యే లేదానే? మరి గాడ ఆడోళ్లు పొద్దుందాక ఏం జేస్తరే?"

"కూసుంటరు అత్తమ్మా," అంది కరుణ.