ఏడో ముక్క పూచీ

మా షెడ్డులో రోజుకి నలభై భూగోళాలు తయారవుతాయి. బడిపిల్లల బల్లల మీద తిరిగే గ్లోబులు. బంతి మీద కాగితాన్ని ముడత పడకుండా చుట్టడం మానవమాత్రుల వల్ల కాదు కాబట్టి, ప్రపంచాన్ని నిలువునా పన్నెండు ముక్కలుగా అచ్చు వేస్తారు. పొడుగాటి బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చుంటారు. ఎవరి ముక్క వారిది. బంతి ఒకరి ఒళ్ళోంచి ఇంకొకరి ఒళ్ళోకి వెళ్తూ పన్నెండో మనిషి దగ్గరికి చేరేసరికి లోకం పూర్తవుతుంది. దేవుడికి ఆరు రోజులు పట్టింది, మాకు అరగంట చాలని నాన్న ఒకసారి అన్నాడు. అత్త చూసిన చూపుకి మళ్ళీ అనలేదు.

నా పని భూతద్దం పెట్టి సరిహద్దులు చూడటం. పని చిన్నది, తలనొప్పి పెద్దది. మాకు ఆర్డర్లిచ్చే పరాయిదేశపు కంపెనీ ముప్పై దేశాల్లో సరుకు అమ్ముతుంది. వ్యాపారానికి సరిహద్దులు లేవని వాళ్ళ ప్రతి ఉత్తరం నెత్తిన అచ్చు వేసి ఉంటుంది. ఆ ఉత్తరం కిందే ఏ దేశానికి పంపే గ్లోబులో ఏ సరిహద్దు ఎలా గీయాలో పదకొండు పేజీల సూచనలుంటాయి.

అందులో నాలుగు పేజీలు ఒక్క పేలిక గురించే. రెండు దేశాల మధ్య ఏటి ఒడ్డున ఉన్న నేల అది, గ్లోబు మీద గోరంత. దాని కోసం ఆ రెండూ యాభై ఏళ్ళుగా కొట్టుకుంటున్నాయి. పేర్లు రాస్తే మళ్ళీ ఉత్తరాలొస్తాయి కాబట్టి షెడ్డులో మేం పిలుచుకున్నట్టే పచ్చదేశం, పసుపుదేశం అంటాను. పచ్చదేశానికి పంపే గ్లోబులో పేలిక మొత్తం పచ్చగా ఉండాలి, పసుపుదేశానికి పంపేదాంట్లో పసుపుగా ఉండాలి. మా ఖర్మ కొద్దీ ఆ పేలిక సరిగ్గా ఏడో ముక్కా ఎనిమిదో ముక్కా కలిసేచోట పడింది.

ఏడో ముక్క జిగురక్కది. ఆవిడ అసలు పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. నేను పుట్టకముందు నుంచీ అదే కుర్చీలో కూర్చుంటోంది. చదువు రాదు, కానీ ఏ సముద్రం పక్కన ఏ సముద్రం ఉంటుందో చేతివేళ్ళకి తెలుసు. ఎనిమిదో ముక్క మా అత్తది, అంటే నాన్నకి అక్క. ఇస్లాం ధర్మశాస్త్రం దేశాల మధ్య సంబంధాల గురించి ఏం చెబుతుందో ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠం చెప్పి రిటైరైంది. ఇన్నాళ్ళూ దేశాల గురించి మాట్లాడాను, ఇకమీదట అంటిస్తానని వచ్చి కూర్చుంది. మాట్లాడటం మాత్రం మానలేదు.

పసుపుదేశపు ఆర్డరుకి నమూనా చేసిన రోజున అత్త సార్వభౌమత్వం గురించి చెబుతోంది. ఎవరి గడప లోపల వారి మాటే చెల్లాలనుకోవడం అని మొదలుపెట్టి మంచి ఊపు మీద ఉంది. జిగురక్క నోరు తెరుచుకుని వింటూ, చెయ్యి చాచి పచ్చదేశపు కట్టలోంచి ముక్క తీసి అంటించేసింది. అత్త పక్కనే పసుపుదేశపు ముక్క అంటించింది. పేలిక నిలువునా రెండుగా చీలి, సగం పచ్చగా సగం పసుపుగా తేలింది. రెండు దేశాలు యాభై ఏళ్ళుగా తేల్చుకోలేని తగవుని మా వాళ్ళు రెండు నిమిషాల్లో పంచిపెట్టారు.

ఆ నమూనా కంపెనీకి వెళ్ళింది. అక్కడి తనిఖీదారు గ్లోబు పీట అడుగున సంతకం పెట్టి తిప్పి పంపాడు. నమూనాకి ఇసుమంత తేడా రాకూడదన్నది షెడ్డు నియమం. కాబట్టి అలాంటివే ఆరువందలు చేశాం. నేను కళ్ళలో వత్తులు వేసుకుని ఒక్కోదాన్నీ నమూనాతో పోల్చాను. పదకొండు పేజీలతో పోల్చలేదు. ఈ మాట ఒప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ నామోషీగా ఉంటుంది.

పసుపుదేశపు కస్టమ్స్ వాళ్ళు మొదటి పెట్టె విప్పగానే ఆరువందలూ ఆపేశారు. వారం తిరగకుండా కంపెనీ ఉత్తరం వచ్చింది. తప్పు ఎవరిదో పేరు రాసి, ఆ మనిషిని పనిలోంచి తీసేసినట్టు కాగితం ఇవ్వాలట. తనిఖీదారు స్వయంగా వస్తాడట, ఆయన వచ్చిన మర్నాటికల్లా కాగితం చేతికివ్వాలట. ఇవ్వకపోతే ఇక ఆర్డర్లుండవట. ఉత్తరం చదివి నాన్న జిగురక్క కుర్చీ వైపు చూశాడు. నేను ఉత్తరం లాక్కుని మళ్ళీ చదివాను.

"కంగారు పడకు. ఆ సంతకం పెట్టిన నమూనా నా బీరువాలో ఉంది. రానీ ఆయన్ని, పీట తిప్పి చూపిస్తా" అన్నాడు నాన్న.

వచ్చినాయన్ని చూస్తే కోప్పడటానికి మనసొప్పదు. సన్నగా, నీరసంగా ఉన్నాడు, టై ఒక పక్కకి తిరిగి ఉంది. మన భాష పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడేమో, అందరినీ గారూ గారూ అంటాడు. జిగురు బకెట్ తగిలితే దానికీ క్షమాపణ చెప్పాడు. నాన్న బ్యాంకు పని మీద బయటికి వెళ్ళి ఉండటంతో, బల్ల దగ్గర జిగురక్క పక్కన కుర్చీ వేసి టీ ఇచ్చాం. కప్పు సాసర్లో గలగలలాడుతోంది.

"చలా?" అంది జిగురక్క.

"కాదండి గారూ. భయం."

"ఎవరంటే?"

"మా వాళ్ళంటేనే. పోయిన నెల మా ఆఫీసులో పదిహేను మందిని పంపేశారు. ఆ నమూనా మీద సంతకం నాదే. ముందురోజు రాత్రంతా ఆసుపత్రిలో మా అమ్మ దగ్గర కూర్చుని, పొద్దున్నే వచ్చి చూడకుండా పెట్టేశాను. అది బయటపడితే నా పనీ అంతే."

జిగురక్క చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఈ షెడ్డు కప్పు కింద ఉన్నంత కాలం మీ జోలికి ఎవరూ రారు. పూచీ నాది. టీ తాగండి, చల్లారిపోతుంది."

అత్త చేతిలో ఎనిమిదో ముక్క గాల్లోనే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసింది ఎదురుగా కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే చూసినట్టుంది ఆవిడ ముఖం.

నాన్న తిరిగొచ్చి బీరువా తాళం తీస్తుంటే అత్త వెనకే వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. నేనూ దూరాను.

"ఆ నమూనా బయటికి తీయకూడదురా. ఆయనకి అమాన్ ఇచ్చేశారు" అంది.

"ఎవరు?"

"జిగురక్క. అమాన్ అంటే పరాయివాడికి ఇచ్చే అభయం. మనవాళ్ళలో అందరికంటే చిన్న మనిషి ఇచ్చినా సరే, అందరూ దానికి కట్టుబడాలి. రాజుతో సహా."

"పేస్టు రాసే ఆవిడ మాటకి నేను కట్టుబడాలా? అక్కా, నువ్వు దేశాల చట్టాన్ని తెచ్చి షెడ్డులో పెడుతున్నావు."

"దేశాలు దాన్ని ఎటూ పట్టించుకోవడం లేదు. షెడ్డులోనైనా ఉండనీ."

నాన్న తెలివైనవాడు. కాసేపు మీసం దువ్వుకున్నాడు. "నీ పండితులందరూ ఈ మాటే అన్నారా? ఒక్కడైనా యజమాని ఒప్పుకోవాలి అనలేదా?"

 అత్తకి అబద్ధం చెప్పడం రాదు, అదే ఆవిడతో వచ్చిన చిక్కు. "అన్నవాళ్ళున్నారు. పాలకుడు తప్పదనుకుంటే అభయాన్ని రద్దు చేయొచ్చు."

"చేశాను."

"చేస్తే ముందు ఆ మనిషికి చెప్పాలి. చెప్పి, ఆయన సురక్షితంగా తన చోటికి చేరేదాకా కాపాడాలి. ఆయన ఊరికి మూడు రోజుల ప్రయాణం. నీ కాగితానికి గడువు రేపటిదాకానే."

నాన్న బీరువా తలుపు ధడాల్న వేసి జిగురక్కని పిలిపించాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది, చేతులకి జిగురు.

"నీ మేలు కోసమే చెబుతున్నా. ఆ పెద్దమనిషి సంతకం చూపిస్తే తప్పు ఆయనదవుతుంది, నీ పని నీకుంటుంది. చూపించకపోతే కాగితంలో నీ పేరు రాయాలి. అర్థమైందా?"

"అర్థమైంది బాబూ."

"మరి?"

"మాట ఇచ్చేశాను కదా. ఇప్పుడు పీకి మళ్ళీ అంటించమంటే ఎలా? ఎండిపోయింది." మళ్ళీ తనే అంది, "నా పేరు రాయండి. ఒక్కటే, ఆ కుర్చీలో కొత్తగా ఎవరిని కూర్చోబెట్టినా నేను వారం రోజులు నేర్పి వెళ్తాను. ఏడో ముక్కలో దీవులెక్కువ, చిరిగిపోతాయి."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఆరువందలనీ సరేనన్నది నేను. నా పేరు రాయమని నాన్నతో చెప్పాను. తప్పు జరిగిన రోజున మాట్లాడుతున్నది తను కాబట్టి తన పేరు రాయమంది అత్త. కాగితంలో పేరు రాసే ఒక్క గడి కోసం ముగ్గురం పోటీ పడుతుంటే నాన్న తల పట్టుకున్నాడు. చివరికి బీరువా తెరిచి, నమూనాని చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. జిగురక్క అడ్డం వెళ్ళబోతే అత్త ఆపింది.

నాన్న తనిఖీదారు ఎదుట గ్లోబు పెట్టి పీట తిప్పాడు. ఆయన తన సంతకం చూసుకుని పాలిపోయాడు.

"ఇది మీ దగ్గరుండటమే మంచిది, తీసుకెళ్ళండి" అన్నాడు నాన్న. తర్వాత కంపెనీ కాగితం తీసి, తప్పు చేసినవారు అన్న గడిలో తన పేరే రాశాడు. తొలగించినట్టు అన్న గడి దగ్గర కలం ఆగింది. తనని తను ఎలా తొలగించుకోవాలో తెలియలేదు పాపం.

తనిఖీదారు చాలాసేపు ఆ గ్లోబుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పేలిక మీద బొటనవేలితో రుద్దాడు. తర్వాత నాన్న చేతిలోంచి కలం తీసుకుని, నాన్న పేరు కొట్టేసి తన పేరు రాశాడు. కింద సంతకం పెట్టాడు, ఈసారి చూసి మరీ.

"నేను పూచీ ఇచ్చాక మీరెందుకు రాసుకున్నారు?" అని జిగురక్క విరుచుకుపడింది. ఆవిడకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"మీరు ఇచ్చారు కాబట్టే రాయగలిగానండి గారూ" అన్నాడాయన.

ఆ కాగితం పోస్టులో పంపి, జవాబు కోసం తనిఖీదారు మా ఊళ్ళోనే ఆగాడు. పదో రోజున కంపెనీ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. మాకు ఆర్డర్లు కొనసాగుతాయని ఒకటి. తనిఖీదారు ఆఫీసుకి తిరిగి రానక్కర్లేదని ఇంకొకటి. రెండింటి నెత్తినా వ్యాపారానికి సరిహద్దులు లేవని ఉంది.

"అయితే ఇక్కడే ఉండండి. కప్పు కింద ఉన్నంత కాలం అన్నాను కదా" అంది జిగురక్క.

అత్తే అడ్డుపడింది. "ఈ కప్పుకి నీ మాట చాలు జిగురక్కా. వీధిలోకి వెళ్తే వీసా కావాలి. ఆయన వీసా గడువు ఇంకా తొమ్మిది రోజులే. ఇక్కడ పని చేయాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఆ రోజు చెప్పానే, గడప లోపల ఎవరి మాట చెల్లుతుందని, అదే ఇది."

"ఆ రోజు సరిగ్గా వినుంటే ఏడో ముక్క సరిగ్గానే అంటించేదాన్ని. పదండి, వాళ్ళ గడపకే వెళ్దాం" అంది జిగురక్క.

విదేశీయుల నమోదు కార్యాలయంలో ఐదుగురం ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాం. గుమస్తా ఫారం తిరగేసి, పూచీ ఎవరిది అని అడిగాడు. నాన్న యజమానిగా సంతకం పెట్టాడు. గుమస్తా తలెత్తి, కౌంటరు మీదికి వంగి చూస్తున్న జిగురక్కని, మీరెవరు అని అడిగాడు.

"ఏడో ముక్క."

"సంబంధం?"

"పూచీ మొదట ఇచ్చింది నేను. ఈ బాబు నా వెనక ఇచ్చాడు."

గుమస్తా నాన్న వైపు చూశాడు. కాదనమని అడుగుతున్నట్టుంది ఆ చూపు. నాన్న ముక్కు మీద కోపం ఏమైందో గానీ, "అవునండీ, ఆవిడ తర్వాతే నేను" అన్నాడు.

ఆ ఫారంలో ఆవిడకి గడి లేదు. నాన్న సంతకం కింద కాస్త ఖాళీ చూసుకుని, ఎవరూ అడగకుండానే సిరా అద్దుకుని బొటనవేలు ఆనించింది. గోటి చుట్టూ ఎండిన జిగురు తెల్లగా ఉంది. అత్త పక్కనే నిలబడి జిగురక్క వేసిన ముద్రనే చూస్తోంది.  గుమస్తా రబ్బరు ముద్ర చేతిలోకి తీసుకుని, ఎక్కడ వేయాలా అని కాసేపు వెతికి, మూడు నెలలకి అనుమతి అని చెప్పి, జిగురక్క వేలిముద్ర పక్కనే వేశాడు.