ఆశ్లేష నాట్లు

మూడో రొట్టె పెనం మీద వేస్తూ ఇంద్రజ అత్తగారి కాళ్ల వైపు చూసింది. చూడకపోయుంటే బాగుండేది. సంగమ్మ జోగిపేట దగ్గరి ఊరి నుంచి నిన్ననే పటాన్‌చెరు వచ్చింది, కాళ్లకు మందు రాయించుకుందామని. వేళ్ల సందులు నాని, తెల్లగా పగిలి, ఒరుసుకుపోయి ఉన్నాయి. రోజుల తరబడి బురదలో వంగి నాట్లు వేస్తే తప్ప కాళ్లు అలా కావు. ఇప్పుడేమో ఆగస్టు సగమైంది.

“అత్తమ్మా, ఈసారి నాట్లెప్పుడేసిన్రు?”

“మొన్ననే అయిపోయినయి బిడ్డా, ఆశ్లేష కార్తెల. మూడేండ్ల సంది గిట్లనే. వాన జెర ముందుగాల పడితే కదా.”

ఇంద్రజది ఒక పరిశోధన సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం. ఎండలు ముదిరి, వానలు వెనక్కి జరుగుతుంటే మంజీరా పరివాహక ప్రాంతంలో ఏ మండలంలో వరికి ఏ నెలలో ఎన్ని నీళ్లు కావాలో రెండేళ్లుగా మ్యాపు గీస్తోంది. ఈ రోజు పదకొండింటికి దాన్ని కాలువల ఇంజనీర్లకు చూపించాలి. కాలువ ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టేయాలో వాళ్లు దాన్ని బట్టే రాసుకుంటారు. లెక్కంతా నాట్ల తేదీ నుంచే మొదలు. సర్వే కాగితాల్లో దాదాపు అందరూ ఆరుద్ర కార్తె అన్నారు, అంటే జూన్ ఆఖరు. నలభై రోజుల తేడా. ఈ మ్యాపు ప్రకారం పోతే, గింజ పాలు పోసుకునే వేళకు కాలువ కట్టేస్తారు.

ఆ కాగితంలో ‘పట్టాదారు చెప్పిన వివరం’ అని గడి పెట్టింది ఎవరో కాదు, తనే. ఆ పట్టాదార్లలో సగం మంది ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఉంటారు, నాయనలు చెప్పిన కార్తెనే అప్పజెప్పారు. తన మొగుడు నవీన్‌కుమార్ కూడా క్యాంటీన్‌లో నిలబడి ఫోన్లోనే చెప్పాడు. అతను పొలంలో కాలు పెట్టి ఆరేళ్లు. ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుందో ఇంద్రజకు తెలుసు. కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతోంది. తన పాపకు జ్వరమొచ్చి పని రెండు రోజులు ఆలస్యమైనందుకే “ఇంకోసారైతే వేరేవాళ్లను చూసుకుంటా మేడం” అన్నాడు పై అధికారి రాజారావు. ఉద్యోగం పోతే ఇంట్లో మాటలు సిద్ధంగానే ఉన్నాయి. “నువ్వు రంగులేస్తే వానలు పడ్తయా?” అనేది మొగుడు. “కంప్యూటర్ల పొలం సూసుడేంది, పొయ్యి మీది కూర సూడరాదు?” అనేది ఈ అత్తగారే. గమ్మునుంటే ఎవరికీ తెలియదు. పెనం మీద రొట్టె మాడింది.

“సర్వేల ఆరుద్ర అని ఎట్ల చెప్పినవ్?” తల దువ్వుకుంటున్న మొగుణ్ణి అడిగింది.

“పట్టా నా పేరు మీదుంది, నన్నడిగిన్రు, చెప్పిన. ఏంది గిప్పుడు?”

“అత్తమ్మను అడగొద్దా?”

“అమ్మకేం తెలుస్తది గవన్నీ. పరేషాన్ చెయ్యకు, జల్దీ రొట్టెలు పెట్టు.”

సంగమ్మ కాళ్లు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. ఎన్నోసార్లు తనను సాధించిన మనిషే, అయినా ఇంద్రజ ఆ కదలికను గుర్తుపట్టింది. మీటింగుల్లో తను గీసిన మ్యాపు తన పేరు లేకుండా తెర మీద పడ్డప్పుడల్లా తనూ ఇలాగే చేతులు ఒళ్లోకి లాక్కుంటుంది. ఫోన్ తీసింది.

“సార్, మ్యాపు తప్పు. నాట్ల తేదీ తప్పు పడ్డది.”

“ఇప్పుడా చెప్పేది? రైతులు చెప్పిందే కదా మేడం?” రాజారావు గొంతు పెరిగింది.

“పట్టాదార్లు చెప్పిన్రు సార్. నాట్లేసిన మనిషిని నేను తీసుకొస్తున్న.”

పొయ్యి కట్టేసింది. పిండి మీద మూత పెట్టింది. నవీన్‌కుమార్ చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది.

“నేనేడికే, పెద్ద సార్లుంటరు,” సంగమ్మ కంగారు పడింది. “చెప్పులు గూడ ఎక్కుతలేవు ఈ పుండ్లకు.”

“చెప్పులొద్దు అత్తమ్మా. గట్లనే రాండ్రి. వాళ్లు మీ కాళ్లు చూడాలె.”