మూడు చుక్కలు, ఐదు చుక్కలు

నేను ఒక పాచికను. తుమ్మచెక్కలోంచి చెక్కి, కాల్చిన చువ్వతో చుక్కలు పెట్టాడు వడ్రంగి. కొన్నాళ్లు చావిడిలో పందేలకు దొర్లాను. తర్వాత చెరువు తూము చూసే పిచ్చయ్య చేతికొచ్చాను.

తూము కింద ఆరు చేలు. రోజుకు ఒక చేనుకే నీళ్లు. పొద్దున్నే నన్ను విసురుతారు. ఎవరి చుక్కలు పైకొస్తే ఆ రోజు నీళ్లు వాళ్లవి. నిన్న గెలిచినవాళ్లూ ఇవాళ లెక్కలో ఉంటారు. నా మీదున్న నమ్మకం వాళ్లకు ఒకరి మీద ఒకరికి లేదు.

ఆ ఏడాది చెరువులో మూడు రోజుల నీళ్లే మిగిలాయి. బావులు అప్పటికే ఎండాయి. మూడు చుక్కలు పేరమ్మవి, ఐదు ఆమె మరిది ఓబయ్యవి. ఇద్దరి మిరపనారూ రెండు చేల మధ్య ఒకే మడిలో పోసుకున్నారు. ఎవరిది పడినా నారు బతుకుతుంది.

"ఆరింట రెండు మనవి వదినా, అంటే మూడింట ఒకటి. మూడు రోజులు వేస్తారు. మూడింట ఒకటి మూడుసార్లయితే నిండా ఒకటి. పడక ఎక్కడికి పోద్ది?" అన్నాడు ఏడో తరగతి చదివిన ఓబయ్య.

మొదటి రోజు నాలుగు పడింది. రెండో రోజు ఒకటి, మాలకొండయ్యది.

"పేరక్కా, మధ్యాహ్నం నించి మీ మడికి తిప్పుకోండి," అన్నాడతను.

పేరమ్మ మరిది వంక చూసింది.

"రేపు మనకు తప్పదు. ఒకరి దయ ఎందుకు?" అన్నాడు ఓబయ్య.

"నారు నీళ్లు తాగుద్దా, లెక్కలు తాగుద్దా ఓబయ్యా?" అని మాలకొండయ్య వెళ్లిపోయాడు.

ఒక విసురులో మూడూ ఐదూ కలిసి పైకి రావు గనక ఆ రెంటినీ కూడొచ్చు. రోజుల్ని అలా కూడకూడదు; ఒకరివే రెండు రోజులూ పడొచ్చు, మూడు రోజులూ పడకపోవచ్చు. నిన్న ఏం పడిందో నాకు గుర్తుండదు.

మూడో రోజు పొద్దున ఆకాశం గంజిలా తెల్లగా ఉంది. మబ్బుతునక లేదు. నేను దొర్లి ఆగాను. రెండు.

ఓబయ్య వేలు పెట్టి ఆ రెండు చుక్కలనూ మళ్లీ లెక్కపెట్టాడు.

నాలుగు రోజులకు మడి ఎండుగడ్డిలా అయింది. తూము మూసి, నన్ను తువ్వాలు కొసకు ముడేసుకుని వెళ్తున్న పిచ్చయ్యను పేరమ్మ అన్నానికి పిలిచింది. ముగ్గురూ కూర్చున్నారు. మజ్జిగన్నం, ఉల్లిపాయ. తినడం అయ్యాక ఓబయ్య తన కంచంతో పాటు వదిన ఎంగిలి కంచం కూడా తీసుకెళ్లి కడిగాడు. ఆమె వద్దనలేదు.