పదహారో ఫారం

మైనం రాసిన దారం మూడోసారి కూడా సూదిలోకి ఎక్కలేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా గ్రంథాలయం వెనక గదిలో పుస్తకాలు కుడుతున్న మనిషికి దారం ఎక్కడం లేదంటే, ఆ పొద్దున ఏదో చేయకూడని పని చేశాడన్నమాటే.

చేశాడు మరి. బల్ల మీద గుడ్డపీలికల కింద పదహారు పేజీల మడత ఒకటి దాచి ఉంది. కొత్త పుస్తకంలోంచి తనే బ్లేడుతో దారం తెంపి దాన్ని బయటికి లాగాడు.

ఆయన్ని అందరూ జిగురు బాబాయి అంటారు. పొట్టి మనిషి, వంగిన వీపు, గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు. ఎవరితోనూ మాటలు పెట్టుకోడు. మహా పిరికివాడు. ఫోను మోగితే రెండు గుటకలు మింగితే గానీ ఎత్తడు. ఉత్తరం వస్తే రెండు రోజులు విప్పడు. లిఫ్టు సంగతి సరేసరి, మూడంతస్తులూ మెట్లే.

కొత్త పుస్తకాలు పదిమంది చేతుల్లో పడితే నెలకే విడిపోతాయి. అందుకని బయటికి ఇచ్చేముందు ఆయన వాటి అట్ట ఊడదీసి, ఫారాలన్నీ విడదీసి, మళ్ళీ గట్టి దారంతో కుడతాడు. పదహారు పేజీల మడత ఒక ఫారం. దాని మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది, వరస తప్పకుండా.

‘నిద్రనౌక’ మొదటి భాగం కుట్టినప్పుడు చివర నాలుగు తెల్లకాగితాలు పొరపాటున ఎక్కువ పడ్డాయి. పుస్తకం తిరిగొచ్చేసరికి వాటి నిండా రాతలు. నక్షత్రాల మధ్య మూడు వందల ఏళ్ళు సాగే ఓడ కథ అది. వేలమంది గాజుపెట్టెల్లో నిద్రపోతుంటారు. వాళ్ళ దీపాలు ఆరిపోకుండా ఒక్క ముసలమ్మ మేలుకుని తిరుగుతుంటుంది. ‘ముసలమ్మ తాళంచెవి పెట్టెలోంచి లేచిన ఆ ఇంజనీరుకిచ్చింది, బుద్ధుందా?’ అని ఎర్రసిరా మండిపడింది. ‘నీకుంటే చాల్లే. అరవై ఏళ్ళుగా ఒక్కతే ఉంది, పాపం’ అని కింద ఆకుపచ్చ పెన్సిలు. ‘నూట పన్నెండో పేజీ దగ్గర నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది’ అని ఇంకెవరో.

రబ్బరుతో చెరిపేయాల్సిన మనిషి, రెండో భాగం నుంచీ ప్రతిదానికీ నాలుగు కాగితాలు కావాలనే కలిపి కుట్టాడు. పుస్తకం తిరిగి రాగానే ముందుగా వెనక పేజీలే చూసుకునేవాడు. తనూ రాశాడు, ఒకే ఒక్కసారి, నాలుగో భాగంలో: ‘నాకు భయమేసింది.’ కింద ఆకుపచ్చ జవాబు వచ్చింది: ‘భయమేస్తే పక్కవాళ్ళకి చెప్పాలి. అందుకేగా ఇంతమందిమి ఉన్నాం.’ ఆ పేజీని ఆయన ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నాడో లెక్కలేదు.

ఎనిమిదో భాగం వెనక అదే పెన్సిలు ఇలా రాసింది: ‘డాక్టరు చలికాలం దాకా అన్నాడు. తొమ్మిదో భాగం ఈలోగా వస్తే చాలు. ముసలమ్మ గట్టెక్కితే నేనూ గట్టెక్కుతా. పందెం!’

ఆ తర్వాత ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

ఈ పొద్దున తొమ్మిదో భాగం వచ్చింది. అదే ఆఖరిది. జిగురు బాబాయి పని పక్కన పెట్టి చదివాడు. పదహారో ఫారంలో ముసలమ్మ చనిపోయింది. ఆకుపచ్చ పెన్సిలు పట్టుకున్న ఆ మనిషి ఎవరో, ఎక్కడుంటారో తెలియదు. ఈ పేజీలు చదివి, ఇక నా పని కూడా అయిపోయిందనుకుని మంచం పట్టేస్తే? ఆ పాపం ఎవరిది? ఒక్క ఫారం లేకపోతే ప్రెస్సువాళ్ళ పొరపాటనుకుంటారు, అంతేగా. దాని తర్వాత వచ్చే ఆఖరి మూడు ఫారాల్లో ముసలమ్మ పోయిన మాట పైకి ఎక్కడా లేదు. కాబట్టి బతికుందనే అనుకోవచ్చు. అలా అనుకునే బ్లేడు తీశాడు.

దాచడం ఆయనకి కొత్త కాదు. పదకొండేళ్ళ కిందట భార్య రిపోర్టును బీరువా అరలో కాగితం కింద పెట్టి, “ఏం లేదంట, నీరసమేనంట” అన్నాడు. ఆమె నమ్మింది. వచ్చే ఏడు తొడుక్కోవడానికని స్వెట్టరు అల్లుకోవడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి పూర్తయ్యేసరికి అరలో ఆ రిపోర్టు ఆమెకి దొరికింది. “ఎందుకు చెప్పలేదండీ?” అంది. “భయమేసింది” అన్నాడు. ఆ తర్వాత ఆమె బతికిన మూడు వారాలూ స్వెట్టరు ముట్టుకోలేదు, ఆయనతో సరిగ్గా మాట్లాడనూ లేదు.

దారం ఎలాగో ఎక్కింది. పుస్తకం కుట్టి, వీపుకి జిగురు పూసి, అట్ట తగిలించి బరువు కింద పెట్టాడు. మధ్యాహ్నానికి జిగురు ఆరింది. అప్పుడే కౌంటరు దగ్గరుండే అమ్మాయి తలుపు తోసింది.

“బాబాయ్, తొమ్మిదో భాగం కోసం ఈవిడ వచ్చారు. ఆగమంటే ఆగట్లేదు.”

వెనకే ఒక బక్కపల్చటి ఆడమనిషి లోపలికొచ్చింది. యాభై దాటి ఉంటుంది. తలకి గుడ్డ బిగించి కట్టుకుంది, చెవి వెనక ఆకుపచ్చ పెన్సిలు.

“తెల్లకాగితాలు కుట్టేది మీరేనా అన్నయ్యగారూ? దొరికారు!” అని నవ్వి, బల్ల మీద పుస్తకం లాక్కుంది. కళ్ళజోడు పెట్టుకుని, చదవకుండా వేళ్ళతో మడతలు లెక్కపెట్టసాగింది. పదిహేను దగ్గర వేలు ఆగింది. “పదిహేను తర్వాత పదిహేడేంటి?”

“ప్రెస్సువాళ్ళు…” అన్నాడాయన.

“ఇరవై ఏళ్ళు ప్రెస్సులో ఫారాలు మడిచిన చేతులివి. ఇది మీ కుట్టు. కుట్టేటప్పుడు మీకు కనబడలేదా? ఏది, ఇచ్చేయండి.”

“వద్దమ్మా. నా మాట వినండి. చదవద్దు.”

ఆమె ఆయన మొహంకేసి చూసింది. చెప్పకుండానే తెలిసిపోయింది కాబోలు, పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

“పోయిందా?”

ఆయన తల వంచుకున్నాడు.

“నా చావు సంగతి నాకెప్పుడో తెలుసు అన్నయ్యగారూ. ముసలమ్మ ఎలా పోయిందో అదొక్కటే తెలియాలి. ఆ పందెం ఏదో సరదాకి రాశాను. అందరూ నోళ్ళు మూసుకుంటారని తెలిస్తే రాసేదాన్నే కాదు. ఇన్ని రోజులూ ఒక్కళ్ళు పలకలేదు, ఎంత బెంగగా ఉందో తెలుసా?”

ఆయన గుడ్డపీలికలు తీశాడు. ఆమె అక్కడే, ఆ బల్ల దగ్గరే చదివింది. జిగురు గిన్నె మీద తొరక కట్టింది. ఒకచోట ఆమె గట్టిగా నవ్వింది. ఒకచోట కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆఖరి పేజీ అయ్యాక ఫారం మడత సరిచేసి బల్ల మీద పెట్టింది.

“బాగా పోయింది” అంది. “ఇంజనీరుని తిట్టి మరీ పోయింది, మహాతల్లి. మీకెక్కడ ఏడుపొచ్చింది?”

ఆ మాట ఇంతవరకూ ఆయన్నెవరూ అడగలేదు.

“ఓడలో నిద్రలేచిన డాక్టరు… ఆవిడ గుండె సంగతి ఆవిడకి చెప్పకుండా దాస్తాడు చూడండి” అన్నాడు. “అక్కడ చదవలేకపోయాను. మా ఆవిడ రిపోర్టు నేనూ అలాగే దాచాను. ఎవరికీ చెప్పలేదమ్మా ఇంతవరకూ.”

ఆమె ఓదార్చలేదు. “కుట్టండి” అంది. “నేను పట్టుకుంటా.”

అట్ట ఊడదీశాడు. ఆమె ఫారాలు కదలకుండా పట్టుకుంది, ఆయన పదహారోదాన్ని దాని చోట్లో పెట్టి కుట్టాడు. ఈసారి దారం మొదటిసారికే ఎక్కింది. తడి ఆరకముందే పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని ఆమె వెళ్ళిపోయింది. కాసేపటికి బల్ల మీద ఆమె కళ్ళజోడు కనబడింది. వీధిలోకి పరిగెత్తాడు గానీ బస్సు కదిలిపోయింది. ఇంట్లో ఇంకో జోడు ఉండే ఉంటుందిలే, పుస్తకం ఇవ్వడానికొచ్చినప్పుడు తీసుకుంటుందనుకున్నాడు.

ఇరవయ్యో రోజున కౌంటరు అమ్మాయి తొమ్మిదో భాగం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. “బాబాయ్, ఆవిడ…” అని, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

మామూలుగా అయితే ‘తర్వాత విందాంలేమ్మా, జిగురు ఆరిపోతోంది’ అనేవాడు. నోటిదాకా వచ్చింది కూడా. బల్ల అంచు పట్టుకున్నాడు.

“చెప్పమ్మా.”

“సోమవారం పోయారట. వాళ్ళ చెల్లెలు పుస్తకం ఇచ్చి వెళ్ళింది.”

అమ్మాయి వెళ్ళాక వెనక పేజీలు తెరిచాడు. ఆకుపచ్చ పెన్సిలుతో ఒక్కటే వాక్యం: ‘ముందు జిగురు బాబాయి రాయాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు.’

భయం తగ్గలేదు. అలాగే కలం తీశాడు. ‘మా ఆవిడకి నేను నిజం చెప్పలేదు’ అని మొదలుపెట్టి, పేజీ నిండేదాకా రాశాడు. కింద, ఎవరికైనా భయమేస్తే ఇక్కడ రాయండి అని కూడా రాసి, పుస్తకాన్ని తనే కౌంటరుకి తీసుకెళ్ళి ఇచ్చాడు. తిరిగొచ్చేసరికి గది అలాగే ఉంది: కత్తెర, మైనం, దారపు ఉండ, వాటి పక్కన ఒక చెవి కాడకి దారం చుట్టిన ఆవిడ కళ్ళజోడు, ఎడమ అద్దం మీద తుడవని వేలిముద్రతో.