సి వరుసలో ఏడో గుంట

వేడినీటి తొట్టిలోంచి మబ్రూకా ప్లేటును రెండు చేతులా ఎత్తి, అడుగు తుడిచి బల్లమీద పెట్టింది. తొంభైఆరు చిన్న గుంటలు, ఒక్కోదానిలో ఒక్కో రకం ఎంజైము. ఎనభై అయిదు డిగ్రీల్లో గంటసేపు ఉడికాక కూడా పనిచేసేది ఒక్కటైనా దొరుకుతుందా అన్నదే స్ఫాక్స్‌ నగరంలోని ఆ ప్రయోగశాల పదకొండు నెలలుగా పడుతున్న తంటా. దొరికితే సిమెంటు ఫ్యాక్టరీ పొగలోని బొగ్గుపులుసు వాయువును ఆ వేడిలోనే పట్టేయవచ్చు. ఇంతవరకూ అన్నీ కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టుకుపోయాయి.

ఆమెకు ఇవాళ్టితో అరవై నిండాయి. ముప్ఫై ఒక్కేళ్ల కిందట గాజుసామాను కడగడానికి చేరిన మనిషి. ఈ సాయంత్రంలోగా ఎంజైము దొరికితే ఫ్యాక్టరీవాళ్ల డబ్బుతో పని సాగుతుంది, ఆమెకు ఇంకో ఏడాది పొడిగింపు వస్తుంది. లేకపోతే లేదు. భర్త పోయాక ఇంట్లో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. ఇక్కడ రోజుకు నలభైసార్లు పిలుస్తారు. వెళ్లిపోవడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు.

నీలిరంగు చుక్కలు వేసి, వాయువు కలిపిన నీళ్లు పోసి, గడియారం నొక్కింది. ఎంజైము బతికి ఉంటే నీలం చటుక్కున పసుపవుతుంది. చచ్చి ఉంటే నిమిషం దాటుతుంది. సి వరుసలో ఏడోది తొమ్మిది సెకన్లలో పసుపైంది.

"మబ్రూకా పిన్నీ! దొరికేసింది!" డాక్టర్ నుమాన్ గంతేశాడు. ఈ పని మొత్తం అతని నెత్తిమీదే ఉంది. "డైరెక్టరు గారిని లాక్కొస్తానుండు. ఇంకో ఏడాది నీ చేత తిట్లు తినాలన్నమాట, ఏం చేస్తాం!"

మబ్రూకా నవ్వలేదు. పుస్తకంలో అంకె రాసి, కలం పక్కన పెట్టింది.

"ఎవర్నీ పిలవకు నాయనా."

"ఏమైంది?"

"నీళ్లు పోసేముందు దానిమీదికి వంగి చూశాను. మాస్కు గడ్డం కిందుంది. దగ్గొచ్చింది కూడా."

ప్లేటు మీద ఊపిరి విడవకూడదన్నది అక్కడ మొదటిరోజే నేర్పే పాఠం. ఊపిరిలో ఉండేదీ ఆ వాయువే, ఎంజైము చచ్చి ఉన్నా నీలాన్ని పసుపు చేసేస్తుంది. ఆ పాఠం నుమాన్‌తో సహా అందరికీ నేర్పింది ఆమే.

"నువ్వు వంగడమేంటి?"

"కంట్లో పొర. గుంటలు మసగ్గా ఉంటున్నాయి. చెబితే పంపేస్తారని చెప్పలేదు."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "ఇవాళొక్కరోజు నోరు మూసుకుంటే పోయేదిగా, పిన్నీ."

"పోయేది. రేపు ఆ ఫ్యాక్టరీవాళ్ల ముందు నీ పరువు పోయేది."

ఆ ఏడో రకం ఎంజైములో ఫ్రిజ్‌లో దాచిన సగాన్ని తీసి మళ్లీ వేడిలో పెట్టారు. ఆ గంటలో హరీసా కారం పూసిన రొట్టె ఇద్దరూ చెరిసగం తిన్నారు. ఈసారి నీళ్లు నుమాన్ పోశాడు. ఆమె దూరంగా కిటికీ దగ్గర నిలబడింది. నిమిషం దాటాక గాని నీలం కదల్లేదు.

"ఉడికిపోయింది," అన్నాడు.

"పోనీలే. రేపు కొత్త ప్లేటు పెట్టుకో, ఎవరో ఒకరు డబ్బు ఇప్పిస్తారు. మాస్కు మాత్రం మరవకు."

నాలుగింటికి చేతులు కడుక్కుని, అందరికీ చెప్పి, బస్సెక్కింది. ఏడవలేదు. ఏడుపంతా నుమాన్‌కే వచ్చింది.

గది తాళం వేయబోతూ అతను ఫలితాల పుస్తకం తెరిచాడు. సి-ఏడు ఎదురుగా 'తొమ్మిది సెకన్లు' కొట్టేసి ఉంది. దాని పక్కన, మసక కళ్లకు అందేంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది: 'మబ్రూకా ఊపిరి.'